కొత్త కారు రిపేర్‌కి "వారంటీలో రాదు" అంటే ఏం చేయాలి?

ఈ రోజు ఎపిసోడ్ కొత్త కారు కొన్నవాళ్ళ కోసం, కొనబోతున్నవాళ్ళ కోసం. టాపిక్ ఒక్క మాట: "సార్, ఇది వారంటీలో రాదండి."

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర ఈ మాట విన్నవాళ్ళకి ఆ ఫీలింగ్ ఏంటో తెలుసు. కారు కొని ఏడాది అయింది, ఈఎంఐ ఇంకా నాలుగేళ్ళు ఉంది, చేతిలో ఇరవై వేల ఎస్టిమేట్ కాగితం. అప్పుడు మనలో ఎక్కువమంది ఏం చేస్తాం? గట్టిగా నాలుగు మాటలు అనేసి, చివరికి కార్డు గీకేసి వచ్చేస్తాం. లేదంటే కారు ముందు నిలబడి ఒక రీల్ తీసి పెడతాం. మనసు కాస్త తేలికవుతుందేమో గానీ, డబ్బు విషయం మాత్రం అక్కడే ఆగిపోతుంది. దీనికి ఒక పద్ధతి ఉంది. అది వరసగా చెప్తాను. కారు పేపర్లు దగ్గర పెట్టుకుని వింటే ఇంకా మంచిది.

అసలు "రాదు" అని ఎవరు అంటున్నారు?

ముందు ఇది అర్థం చేసుకోవాలి. వారంటీ ఇచ్చేది కార్ల కంపెనీ. మీతో మాట్లాడేది డీలర్ దగ్గర పనిచేసే సర్వీస్ అడ్వైజర్. ఇద్దరూ ఒకటి కాదు. డీలర్ షోరూమ్ వేరే వ్యాపారం. వారంటీ కింద మీ కారు బాగుచేస్తే, ఆ పార్ట్ ఖర్చు, లేబర్ ఖర్చు డీలర్ కంపెనీకి క్లెయిమ్ పెట్టుకుని తెచ్చుకుంటాడు. కంపెనీ ఆ క్లెయిమ్‌ని చెక్ చేస్తుంది. పాత పార్ట్ చూపించమంటుంది, ఫోటోలు అడుగుతుంది. తర్వాత ఆడిట్‌లో "ఈ క్లెయిమ్ ఇవ్వాల్సింది కాదు" అని తేలితే ఆ డబ్బు డీలర్ నుంచి వెనక్కి పట్టుకుంటుంది.

అందుకే కొంచెం డౌట్ ఉన్న కేసు వస్తే, అడ్వైజర్‌కి ఈజీ దారి "రాదు" అనేయడమే. చాలాసార్లు అక్కడ క్లెయిమ్ కంపెనీకి వెళ్ళనే వెళ్ళదు. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "మీరు క్లెయిమ్ పంపారా? పంపితే కంపెనీ రిజెక్ట్ చేసిందా? లేక పంపకుండానే చెప్తున్నారా?" గొంతు పెంచక్కర్లేదు. మామూలుగా అడగండి చాలు. ఈ ఒక్క ప్రశ్నకే చాలా కేసుల్లో మాట మారుతుంది. "ఉండండి సార్, మేనేజర్‌తో మాట్లాడతాను" అంటారు.

నిజంగానే రానివి కూడా ఉంటాయి

ఇది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వారంటీ అంటే అన్నీ ఫ్రీ అని కాదు. మన దగ్గర చాలా కార్లకి స్టాండర్డ్ వారంటీ 3 ఏళ్ళు లేదా 1,00,000 కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది. కొన్ని కంపెనీలు వేరేగా ఇస్తాయి, మీ బుక్‌లెట్‌లో చూసుకోండి. అది తయారీలో, మెటీరియల్‌లో ఉన్న లోపానికి. వాడితే అరిగిపోయేవాటికి కాదు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, బల్బులు, ఆయిల్ లాంటివి సాధారణంగా రావు. టైర్లు, బ్యాటరీ వారంటీ చాలావరకు ఆ టైర్ కంపెనీ, ఆ బ్యాటరీ కంపెనీ చూస్తాయి. ఎలక్ట్రిక్ కారు పెద్ద బ్యాటరీకి మాత్రం వేరే వారంటీ ఉంటుంది, అది ఎక్కువ ఏళ్ళు ఉంటుంది.

యాక్సిడెంట్ దెబ్బ, వరద నీళ్ళు, ఎలుకలు వైర్లు కొరకడం, ఇవి ఇన్సూరెన్స్ పరిధి, వారంటీ పరిధి కాదు. మీది ఏ డబ్బాలోకి వస్తుందో ముందు తేల్చుకోండి. వర్షంలో రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోకి కారు తీసుకెళ్ళి ఇంజిన్‌లోకి నీళ్ళు వెళ్తే, వారంటీ కోసం ఆరు నెలలు కొట్లాడినా ఉపయోగం లేదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది ఇన్సూరెన్స్‌లో తీసుకునే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్. నీళ్ళలో ఆగిపోయిన కారుని మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయకుండా టోయింగ్‌కి ఫోన్ చేయాలి. స్టార్ట్ చేస్తే అది కూడా పోవచ్చు.

ఇంకొకటి. మీ మోడల్‌కి రీకాల్ ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూడండి. రీకాల్ పని అయితే వారంటీతో సంబంధం లేకుండా ఫ్రీగా చేయాలి. రెండు నిమిషాల పని అది.

వాళ్ళు చెప్పే కారణాలు, మనం అడగాల్సిన ప్రశ్నలు

"రాదు" అన్నాక ఒక కారణం చెప్తారు. అన్ని కారణాలకీ మనం అడిగే అసలు ప్రశ్న ఒకటే: "మీరు చెప్పే కారణానికి, ఈ పాడైన పార్ట్‌కి సంబంధం ఏంటి? అది ఎలా తెలిసింది?"

మొదటిది: "బయట సర్వీస్ చేయించారు." సరే, బయట ఆయిల్ మార్పించారు అనుకుందాం. పాడైంది వెనక డోర్ గ్లాస్ మోటార్. ఆయిల్‌కి, గ్లాస్ మోటార్‌కి ఏం సంబంధం? ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద ఒక పెద్ద ఆర్డర్ ఇచ్చింది. స్పేర్ పార్టులు, రిపేర్ సమాచారం బయట మెకానిక్‌లకి దొరకనివ్వడం లేదని మొత్తం 2,544 కోట్ల పైగా జరిమానా వేసింది. అందులోనే, బయట రిపేర్ చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే గంపగుత్త కండిషన్ పెట్టకూడదని, బయట చేసిన తప్పు రిపేర్ వల్ల ఎంత డ్యామేజ్ జరిగిందో అంతవరకే వారంటీ కాదనవచ్చని చెప్పింది. కంపెనీలు దీని మీద అప్పీళ్ళకి వెళ్ళాయి. కాబట్టి "ఆర్డర్ ఉంది కదా" అని వారంటీ టైమ్‌లో సర్వీసులు మానేయకండి. షెడ్యూల్ సర్వీస్ ఆథరైజ్డ్ సెంటర్‌లోనే, టైమ్‌కి చేయించండి, బిల్లులు దాచండి. ఇంజిన్ విషయంలో సర్వీస్ మిస్ అయితే వాళ్ళ మాటకి బలం ఉంటుంది. కానీ సంబంధం లేని పార్ట్‌కి అదే కారణం చెప్తే, అది రాసి ఇమ్మనండి.

రెండోది: "బయట యాక్సెసరీస్ వేయించారు." మ్యూజిక్ సిస్టమ్, లైట్లు, డాష్‌క్యామ్. ఇందులో అసలు విషయం వైర్ కోయడం. కంపెనీ వైరింగ్ కోసి, టేపు చుట్టి కొత్త కనెక్షన్ ఇస్తే, ఆ సర్క్యూట్‌లో వచ్చే ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్‌కి వారంటీ కాదనడం సహజమే. వైర్ కోయకుండా కప్లర్‌తో తగిలిస్తే, లేదా సాకెట్‌కి గుచ్చి వాడే వస్తువైతే పరిస్థితి వేరు. సీట్ కవర్లు వేయించినందుకు గేర్‌బాక్స్ వారంటీ పోదు. అయితే సీట్‌లో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం కవర్ విషయంలో జాగ్రత్త, అది వారంటీ కంటే పెద్ద సమస్య.

మూడోది: "పెట్రోల్‌లో కల్తీ ఉంది సార్." ఇది విన్నప్పుడు చాలామంది నోరు మూతపడిపోతుంది, ఎందుకంటే మన దగ్గర ప్రూఫ్ ఏం ఉండదు కదా. కానీ అది చెప్పింది వాళ్ళు. కల్తీ అని ఎలా తేల్చారు? శాంపిల్ తీశారా? మీ ముందు సీల్ చేశారా? ల్యాబ్ రిపోర్ట్ ఉందా? సీసాలో పోసి రంగు చూపించి "చూడండి సార్" అంటే అది టెస్ట్ కాదు. యూపీఐతో కట్టిన పెట్రోల్ బిల్లులు మీ ఫోన్‌లోనే ఉంటాయి, ఏ బంకులో ఎప్పుడు కొట్టించారో చూపించొచ్చు. అలాగే ఓనర్స్ మాన్యువల్‌లో ఏ పెట్రోల్ వాడొచ్చో రాసి ఉంటుంది, ఫ్యూయల్ మూత లోపలి స్టిక్కర్ మీద కూడా చూడండి.

నాలుగోది: "మీ డ్రైవింగ్ వల్ల." క్లచ్ విషయంలో ఇది ఎక్కువ. క్లచ్ ప్లేట్ అరిగేదే, నిజమే. హాఫ్ క్లచ్ మీద ట్రాఫిక్‌లో ఈడిస్తే తొందరగా పోతుంది, అది కూడా నిజమే. కానీ 6 వేల కిలోమీటర్లకే పోయిందంటే అడగాల్సింది ఉంది. విప్పిన ప్లేట్ చూపించమనండి. మొత్తం సమానంగా అరిగిందా, ఒక పక్కే అరిగిందా, ఆయిల్ మరకలు ఉన్నాయా, స్ప్రింగ్ విరిగిందా? ఆయిల్ సీల్ కారి ప్లేట్ మీద పడితే అది మీ కాలి తప్పు ఎలా అవుతుంది?

ఐదోది: "బయటి దెబ్బ." రాయి తగిలింది, గుంతలో పడింది. దీని గురించి నా కారు సంగతే చెప్తాను.

నా ఏసీ కథ

నాది విజయవాడ. మే నెల. కారుకి 13 నెలలు, రీడింగ్ 14 వేలు చిల్లర. ఏసీ చల్లదనం తగ్గుతూ తగ్గుతూ ఒక రోజు వేడి గాలి కొట్టడం మొదలైంది. బెజవాడ మే నెల ఎండలో ఏసీ లేని కారు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. వెనక సీట్‌లో మా అమ్మ, రెండేళ్ళ పాప. సర్వీస్ సెంటర్‌లో గంట చూసి, "కండెన్సర్ లీక్ అండి. ముందు నుంచి రాయి తగిలింది. బయటి డ్యామేజ్, వారంటీలో రాదు. 18,700 అవుతుంది" అన్నారు.

కండెన్సర్ అంటే ముందు గ్రిల్ వెనక, రేడియేటర్‌కి ముందు ఉండే జాలీ లాంటిది. హైవే మీద రాళ్ళు తగలడం మామూలే. అందుకే ఆ కారణం నమ్మేలా ఉంటుంది. నేను ఒకటే అడిగాను, "లీక్ ఎక్కడో నాకు చూపించండి. రాయి తగిలిన చోటే లీక్ ఉంటే డబ్బు కడతాను." అడ్వైజర్ కొంచెం ఇబ్బంది పడ్డాడు గానీ, పాపం మంచి కుర్రాడే. "రేపు బంపర్ ఇప్పి చూపిస్తామండి" అన్నాడు.

ఈలోపు ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌ని అడిగాను. బయట పార్ట్ వేస్తే 9 వేలలో అయిపోతుందన్నాడు. సగానికి సగం! కానీ ఆయనే ఇంకో మాట అన్నాడు. "ముందు వాళ్ళతో తేల్చుకోండి బాబూ. నేను గ్యాస్ పైపు ఇప్పితే, రేపు ఏది పోయినా నా మీదకి నెడతారు." ఈ సలహా బంగారం అండి. డిస్ప్యూట్ నడుస్తున్నప్పుడు పాడైన పార్ట్‌ని బయట ఎవరితోనూ విప్పించకూడదు. విప్పిస్తే మీ ప్రూఫ్ మీరే చెరిపేసినట్టు.

మర్నాడు డై ఎక్కించి, యూవీ లైట్ వేసి చూశారు. జాలీ మీద చిన్న చిన్న సొట్టలు రెండు మూడు ఉన్నాయి. అక్కడ మాత్రం ఏ మరకా లేదు. పక్కన పైపు అతికే జాయింట్ దగ్గర పచ్చగా మెరుస్తోంది. రాయి వెళ్ళే చోటు కాదది. ఫోన్‌తో వీడియో తీశాను. అందులో బండి నంబర్, రీడింగ్, ఆ జాయింట్, అన్నీ ఒకే షాట్‌లో వచ్చేలా తీశాను. సాయంత్రం ఆ వీడియో, జాబ్ కార్డ్ ఫోటో పెట్టి డీలర్ సర్వీస్ మేనేజర్‌కి, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒకే మెయిల్ పంపాను. నాలుగో రోజు కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చి చూశారు. తొమ్మిదో రోజుకి వారంటీ కింద కొత్త కండెన్సర్ వేసి ఇచ్చారు. నేను ఎవరితోనూ గొడవ పడలేదు. లీక్ ఎక్కడుందో చూపించమన్నాను, అంతే.

మీ ఫోనే మీ ఫైల్

ఇక ప్రూఫ్ సంగతి. కారు సమస్య ఒక్కోసారి వస్తుంది, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళగానే మాయమవుతుంది. "మాకేం కనపడలేదు సార్" అంటారు. అందుకని సమస్య వచ్చినప్పుడల్లా వీడియో తీయండి. డ్రైవ్ చేస్తూ మీరు తీయొద్దు, పక్కన కూర్చున్నవాళ్ళతో తీయించండి, లేదా కారు పక్కకి ఆపి తీయండి. మీటర్ మీద వార్నింగ్ లైట్, కిలోమీటర్ రీడింగ్ కనపడాలి. శబ్దం అయితే మ్యూజిక్ ఆపి రికార్డ్ చేయండి. ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయకుండా క్లౌడ్‌లో పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గుతుంది, తేదీ వివరాలు కూడా పోవచ్చు.

జాబ్ కార్డ్ విషయంలో చాలా జాగ్రత్త. మీరు చెప్పిన కంప్లైంట్ అక్కడ మీ మాటల్లోనే రాయించండి. మీరు "60 స్పీడ్‌లో స్టీరింగ్ ఎడమకి లాగుతోంది" అంటే, వాళ్ళు "జనరల్ చెకప్" అని రాస్తే రేపు ఆ విజిట్ లెక్కలోకి రాదు. ఒకే సమస్య కోసం ఐదుసార్లు వెళ్ళారనుకోండి, ఆ ఐదు జాబ్ కార్డులే మీ కేసు. స్కానర్ పెట్టి చూస్తే వచ్చే ఫాల్ట్ కోడ్‌ల ప్రింట్ అడగండి. ఇవ్వనంటే స్క్రీన్ ఫోటో తీసుకోండి. డెలివరీ అప్పుడు "పని సంతృప్తిగా ఉంది" అనే కాగితం మీద, టెస్ట్ డ్రైవ్ చేయకుండా సంతకం పెట్టకండి.

ఫోన్‌లో మాట్లాడింది ఫోన్‌లోనే పోతుంది. కాల్ అయిపోగానే ఒక చిన్న మెసేజ్ పెట్టండి: "ఇప్పుడు మీరు ఫోన్‌లో ఈ కారణం చెప్పి వారంటీ రాదన్నారు. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" వాళ్ళు జవాబివ్వకపోయినా అది రికార్డ్.

మెట్టు మెట్టుగా ఎలా వెళ్ళాలి

మొదటి మెట్టు, రాతపూర్వకంగా కారణం అడగడం. రిజెక్ట్ చేసిన కారణం, వారంటీ బుక్‌లెట్‌లో ఏ కండిషన్ ప్రకారం, ఎవరు చూసి చెప్పారు. బుక్‌లెట్ పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టుకోండి, వాళ్ళు చెప్పే కండిషన్ నిజంగా అందులో ఉందో లేదో మీరే చదవండి.

రెండో మెట్టు, మెయిల్. డీలర్ సర్వీస్ హెడ్‌కి, కంపెనీ కస్టమర్ కేర్‌కి కలిపి. అందులో ఛాసిస్ నంబర్, రిజిస్ట్రేషన్ నంబర్, డెలివరీ తేదీ, కిలోమీటర్లు, జాబ్ కార్డ్ నంబర్లు, సమస్య ఏంటి, వాళ్ళు ఏం అన్నారు, మీరు ఏం కోరుతున్నారు, ఎన్ని రోజుల్లో. తిట్లు వద్దు, పెద్ద కథ వద్దు. ఒక పేజీ దాటకూడదు. "కంపెనీ టెక్నికల్ టీమ్‌తో నా ముందు జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయించండి" అనే లైన్ తప్పకుండా పెట్టండి. వీలైతే వేరే ఊరి ఆథరైజ్డ్ సెంటర్‌లో రెండో అభిప్రాయం తీసుకోండి. వారంటీ కంపెనీది కాబట్టి ఏ ఊళ్ళోనైనా చూడాల్సిందే.

వారంటీ అయిపోయి కొద్ది రోజులే అయితే, "గుడ్‌విల్ కింద చూడండి" అని అడగండి. సర్వీస్ హిస్టరీ బాగుంటే కంపెనీలు పార్ట్ ఖర్చులో కొంత భరించడం ఉంది. అది హక్కు కాదు, అడిగితే వచ్చే ఛాన్స్.

మూడో మెట్టు, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, నంబర్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా కంప్లైంట్ పెట్టొచ్చు. ఇది కోర్టు కాదు, ఆర్డర్ ఇవ్వలేదు. కానీ మీ కంప్లైంట్ కంపెనీ హెడ్ ఆఫీస్‌లో వేరే టేబుల్ మీదకి వెళ్తుంది. ఇరవై వేల లోపు గొడవలు చాలావరకు ఇక్కడ తేలే అవకాశం ఉంది.

మధ్యలో కారు అవసరం పడి డబ్బు కట్టక తప్పకపోతే? కట్టండి, కానీ ఇలా రాసి కట్టండి: "వారంటీ నిరాకరణకు నేను ఒప్పుకోవడం లేదు. కారు అవసరం కాబట్టి, నా హక్కులు వదులుకోకుండా ఈ మొత్తం కడుతున్నాను." బిల్లు మీద రాయనివ్వకపోతే, కట్టే ముందు మెయిల్ పెట్టండి. పాత పార్ట్ అడిగి తీసుకోండి. డబ్బు మీరు కట్టారు కాబట్టి ఆ పాత పార్ట్ మీదే.

రెండు పనులు మాత్రం చేయకండి. ఒకటి, కోపంతో కారుని సర్వీస్ సెంటర్‌లో నెలల తరబడి వదిలేయడం. పార్కింగ్ ఛార్జీలంటూ నోటీసు వస్తుంది, కారు కూడా పాడవుతుంది. రెండు, "నడపొద్దు" అని చెప్పిన సమస్యతో అలాగే నడపడం. ఆయిల్ లైట్ వెలుగుతుంటే వంద కిలోమీటర్లు నడిపితే, తర్వాత వచ్చే డ్యామేజ్ మొత్తం మీ ఖాతాలోనే.

చివరి మెట్టు: కన్స్యూమర్ కమిషన్

ఇప్పుడు నడుస్తున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వస్తువుకి, సేవకి మీరు కట్టిన డబ్బు 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, అది దాటి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన జాతీయ కమిషన్. అంటే మనలాంటి వాళ్ళ కార్లన్నీ జిల్లా కమిషన్‌కే వస్తాయి. కంపెనీ ఆఫీస్ గుర్గావ్‌లో ఉన్నా, చెన్నైలో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో జాబ్ చేస్తుంటే అక్కడే వేయొచ్చు. కొత్త చట్టం ఇచ్చిన పెద్ద సౌకర్యం ఇదే.

ఫీజు వింటే ఆశ్చర్యపోతారు. 5 లక్షల దాకా ఏమీ లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు. 10 నుంచి 20 లక్షల దాకా 400. 20 నుంచి 50 లక్షల దాకా 1,000. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫైల్ చేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. వీడియో హియరింగ్ కోరవచ్చు. గడువు 2 ఏళ్ళు, సమస్యకి కారణం పుట్టిన రోజు నుంచి. "చూద్దాం, చేద్దాం" అని కంపెనీ మెయిళ్ళు పెడుతూ ఉంటే ఆ గడువు ఆగదు, గుర్తుపెట్టుకోండి. కేసులో డీలర్‌ని, కంపెనీని ఇద్దరినీ పెట్టండి. లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మీ వీడియోలు, చాట్‌లు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ కూడా జత చేయాలి. ఇది కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్.

నోటీసు అందాక అవతలివాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు ఇస్తారు. చట్టం ప్రకారం 3 నెలల్లో, ల్యాబ్ టెస్ట్ అవసరమైతే 5 నెలల్లో తేల్చాలి. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడే వెళ్ళాలి. కమిషన్ లోపం సరిచేయమనొచ్చు, వస్తువు మార్చమనొచ్చు, డబ్బు వెనక్కిమ్మనొచ్చు, నష్టపరిహారం ఇమ్మనొచ్చు. ఆర్డర్ పాటించకపోతే జైలు శిక్ష దాకా చట్టంలో ఉంది.

మరి ఎంత ఆశించాలి? మూడు కేసులు చెప్తాను, మీకే అర్థమవుతుంది.

ఒకటి, 2006లో మారుతి కారు కేసు. కారు మొత్తం మార్చి ఇవ్వాలన్న కింది ఆదేశాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వారంటీలో రాసింది లోపం ఉన్న పార్ట్ బాగుచేయడం లేదా మార్చడం, కారు మార్చడం కాదు అంది. దాంతో పాటు 50 వేలు ఇప్పించింది. అంటే "నాకు కొత్త కారే కావాలి" అని మొదటి మెయిల్‌లోనే పెడితే కేసు బలపడదు.

రెండు, 2022లో హ్యుందాయ్ క్రెటా కేసు. 2017లో యాక్సిడెంట్ జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు. తగిలిన దెబ్బ అంత బలమైనది కాదని కంపెనీ వాదించింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి కొనుక్కున్నవాడు ఫిజిక్స్ ఎక్స్‌పర్ట్ కాదు కదా అన్న అర్థంలో సుప్రీంకోర్టు చెప్పి, కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నే నిలబెట్టింది. ప్రాణానికి సంబంధించిన లోపం అయితే లెక్క మారుతుంది.

మూడు, మన హైదరాబాద్‌కి సంబంధించిందే. 2009 సెప్టెంబర్‌లో కొన్న బీఎండబ్ల్యూ, కొన్న కొద్ది రోజులకే సమస్య. క్రిమినల్ కేసు, హైకోర్టు, సుప్రీంకోర్టు అన్నీ తిరిగి, 2024 జూలైలో సుప్రీంకోర్టు కంపెనీని 50 లక్షలు ఇచ్చి ముగించమంది. దాదాపు 15 ఏళ్ళు! డబ్బున్నవాళ్ళు తిరగగలరు. మనం ఎంత కింది మెట్టు మీద తేల్చుకుంటే అంత లాభం.

ఇంకో మాట. "తయారీ లోపం" అని పెద్ద మాట వాడితే దాన్ని నిరూపించాల్సింది మనమే, సాధారణంగా నిపుణుడి రిపోర్ట్ కావాలి. కమిషన్‌ని కోరితే ల్యాబ్‌కి, నిపుణుడికి పంపే వీలు చట్టంలో ఉంది. "వారంటీ ఇచ్చారు, ఈ పార్ట్ పోయింది, కారణం లేకుండా కాదన్నారు" అనేది అంతకంటే చిన్న, గట్టి పాయింట్.

క్యాబ్ నడిపేవాళ్ళకి, బయట దేశంలో ఉన్నవాళ్ళకి

మనలో చాలామంది కుర్రాళ్ళు లోన్ మీద కారు తీసుకుని క్యాబ్ నడుపుతున్నారు. "ఇది కమర్షియల్ బండి, కన్స్యూమర్ కేసు కుదరదు" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి. సొంతంగా పనిచేసుకుని, కేవలం జీవనోపాధి కోసం కొనుక్కుంటే చట్టం మిమ్మల్ని వినియోగదారుడిగానే చూస్తుంది. అయితే టాక్సీ బండికి కంపెనీ ఇచ్చే వారంటీ వేరుగా ఉండొచ్చు, కొనేముందే చూసుకోండి. సొంత బండి వారంటీ తీసుకుని టాక్సీగా తిప్పితే మాత్రం వాళ్ళు కాదనడానికి దారి దొరుకుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు, "ఇక్కడి లెమన్ లా లాంటిది అక్కడ లేదా?" అని. మన దగ్గర కార్లకంటూ ప్రత్యేకంగా అలాంటి చట్టం లేదు, వినియోగదారుల చట్టమే దిక్కు. అక్కడ రాష్ట్రానికో లెమన్ లా ఉంది, పైగా 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా బ్రాండ్ పార్టే వాడాలి, ఫలానా చోటే సర్వీస్ చేయించాలి, లేకపోతే వారంటీ పోతుంది అనే షరతుని, ఆ పార్టూ సర్వీసూ ఉచితంగా ఇస్తే తప్ప, అది సాధారణంగా ఒప్పుకోదు. మీ రాష్ట్రం రూల్ చూసుకోండి.

ఈ వారం ఎవరైనా డెలివరీ తీసుకుంటుంటే ఈ మూడు పనులు చేయండి. వారంటీ బుక్‌లెట్ పీడీఎఫ్ ఫోన్‌లో వేసుకుని "ఇవి రావు" అనే పేజీ ఒక్కసారి చదవండి. కారు పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి ఇన్వాయిస్, సర్వీస్ బిల్లులు, జాబ్ కార్డులు అందులో వేస్తూ ఉండండి. మొదటి సర్వీస్ తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. సమస్య వచ్చిన రోజు వెతుక్కోవడం కంటే ఇది చాలా ఈజీ.

వచ్చే ఎపిసోడ్‌లో ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి మాట్లాడుకుందాం, అది తీసుకోవాలా వద్దా, అందులో ఏం రాస్తారు అని. అప్పటిదాకా సేఫ్‌గా డ్రైవ్ చేయండి. ఉంటానండి.